ఊరట

టైలరమ్మ చేతిసంచీ భుజాన తగిలించుకుని లిఫ్టు బటన్ నొక్కింది. తలుపు పైనున్న చిన్న గడిలో అంకెలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఐదు వెలగ్గానే రెండు రేకు తలుపులూ చెరో పక్కకి జరిగాయి. లోపల ఎవరూ లేరు. ఎదురుగా అద్దంలో తనే ఉంది, పొద్దున్నే ఎవరో అప్పు అడగడానికి వచ్చినట్టు మొహం పెట్టుకుని.

"అయ్యో, కళ్లద్దాలు మరిచిపోయాను," అంది పైకే.

వినడానికి వరండాలో ఎవరూ లేరు. కళ్లద్దాలేమో మెడలోనే తాడుకి వేలాడుతున్నాయి. అయినా ఆ మాట అనేశాక ఇక అక్కడ నిలబడాల్సిన పని లేదు. గబగబా ఇంట్లోకొచ్చి తలుపు వేసుకుని, దానికే వీపు ఆనించి నిలబడింది. అరచేతుల్లో చెమట ఆరింది. గుండె దడ తగ్గింది. తలమీంచి బట్టల మూట ఎవరో దించినట్టు ఒళ్లంతా తేలికైంది. ఆ హాయి ఎంత బాగుందంటే, కూనిరాగం తీస్తూ టీకి నీళ్లు పెట్టుకుంది.

నిన్న మరిచిపోయింది కత్తెర. మొన్న కొట్టు తాళం. అంతకు ముందు రోజు మరిచిపోవడానికి ఏదీ తోచక, మబ్బు పట్టిందని వెనక్కి వచ్చేసింది.

ఇంట్లో చెప్పింది మాత్రం మోకాళ్ల నొప్పులని. అబద్ధమేం కాదు. మోకాళ్లు అరిగాయి, మెట్ల జోలికి పోవద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కానీ లిఫ్టులో నిలబడి దిగడానికి మోకాళ్లతో ఏం పని అని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్లు నొప్పి అంటే దాన్ని ఎవరూ నిలదీయరు. అదొక సౌకర్యం.

ఆవిడ కొట్టు ఆ భవనంలోనే కింద, రోడ్డు వైపు ఉంది. పైనుంచి కిటికీలోంచి తొంగిచూస్తే బోర్డు అంచు కనిపిస్తుంది. వారం పైగా షట్టర్ లేవలేదు. అలవాటైన వాళ్లు పైకే వస్తున్నారు. ఆ రోజు మధ్యాహ్నం బస్సు కండక్టరొకాయన ఖాకీ ప్యాంటు చంకన పెట్టుకుని వచ్చాడు.

"నడుం దగ్గర వదులు చెయ్యాలమ్మా. కొట్టు మూసేశారా ఏంటి?"

"మూయడమెందుకు? మోకాళ్లు," అంటూ ఆవిడ ప్యాంటు తిరగేసి నడుంపట్టీ కుట్టు చూసింది. లోపల గుడ్డ వేలెడు మిగిలి ఉంది. కుట్టినప్పుడు ముందుచూపుతో తనే వదిలింది. "రెండుసార్లు తినొచ్చు నువ్వింకా. గుడ్డ ఉంది."

కండక్టరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. సోఫా మీద బడిపిల్లల కోట్లు గుట్టగా పడి ఉన్నాయి. భోజనాల బల్ల మీద సుద్దముక్క గీతలు. కట్ చేద్దామంటే ఆ బల్ల పొట్టి, ఎత్తూ చాలదు. పొడుగు గుడ్డ పరిస్తే కిందికి జారిపోతుంది. ఒక కాలర్ కత్తిరించేసరికి నడుం పట్టేసింది. సర్లే, కిందికి వెళ్లే పని తప్పిందిగా అనుకుంది.

సాయంత్రం కొడుకు వచ్చాడు. అతనిది బీమా కంపెనీలో దెబ్బతిన్న వాహనాలను పరీక్షించి, నష్టం ఎంతో అంచనా వేసే ఉద్యోగం. రోజంతా నుజ్జయిన బంపర్లూ పగిలిన అద్దాలూ చూసి చూసి, ఇంట్లో గ్లాసు బల్ల అంచున ఉన్నా లోపలికి జరుపుతాడు. షూ విప్పి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఒక మాట. వీధి చివర కళ్లజోళ్ల షాపాయన లేడూ, మన కొట్టు అద్దెకిస్తారా అని అడుగుతున్నాడు. శనివారం పొద్దున వచ్చి కొలతలు చూసుకుంటానన్నాడు. రమ్మన్నాను."

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం పక్కకి పోయింది.

"మరి నా మిషను?"

"కిటికీ పక్కన వేద్దాం. వెలుతురు బాగుంటుంది. ఓపికుంటే కుట్టుకో, లేకపోతే మానేయ్. ఇన్నేళ్లు కష్టపడ్డావు, చాలదా?"

వంటింటి గుమ్మంలోంచి కోడలు అంది, "రమ్మనడానికి ముందు అత్తయ్యని ఒక్కమాట అడగాల్సింది కదండీ."

"ఇప్పుడడుగుతున్నాగా!"

అతని గొంతులో విసుగేం లేదు. ప్రేమే ఉంది. ఆ ప్రేమని కాదనలేక టైలరమ్మ, "నీ ఇష్టం నాన్నా," అంది.

అనగానే మళ్లీ అదే హాయి. పొద్దున తలుపుకి వీపు ఆనించి నిలబడ్డప్పటి తేలిక. ఇక రోజూ ఏదో ఒకటి మరిచిపోనక్కర్లేదు. ఆవిడకి తన మీద తనకే భయం వేసింది. కొట్టు పోతోందని కదా ఏడవాలి? తను ఇష్టంగా పెట్టుకున్న కొట్టు. ఆ బల్ల ఎత్తు తన నడుముకి సరిపోయేలా వడ్రంగిని పక్కన నిలబెట్టి కోయించుకుంది. అలాంటిది పోతుంటే హాయేంటి?

మర్నాడు సాయంత్రం కోడలు పుస్తకం తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరుకి సాయంగా పనిచేస్తోంది. పూర్తి టీచరు కావాలంటే డిప్లొమా కావాలి. ఆదివారం మనస్తత్వశాస్త్రం మొదటి పేపరు. తను అప్పజెబుతుంటే ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని చూడాలి. మొగుడు పట్టుకుంటే పేజీ తిప్పేలోపే కునుకు తీస్తాడు. అందుకని ఆ పని అత్తగారికి వచ్చింది.

టైలరమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. ఒక చేత్తో పుస్తకం తెరిచి మోకాలితో అదిమిపెట్టి, రెండో చేత్తో కోటు గుండీలు చూసుకుంటూ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. గ్రహణశక్తి అయింది. అవధానం అయింది. జ్ఞాపకం రకాలు కోడలు గడగడా చెప్పేసింది.

"ఋణాత్మక పునర్బలనం అంటే ఏమి?"

"తప్పు చేస్తే తిట్టడం, కొట్టడం. దానివల్ల ఆ పని మానేస్తారు."

"కాదు. అది శిక్షట, వేరే ఉంది. ఇక్కడేమో, 'బాధ కలిగించేది తొలగిపోవడం వల్ల, దానిని తొలగించిన ప్రవర్తన బలపడుట' అనుంది."

"నిన్న కూడా ఇక్కడే బోల్తా పడ్డాను!" కోడలు నెత్తి పట్టుకుంది. "తొలగిపోతే బలపడటమేంటత్తయ్యా? ఉదాహరణ ఏమిచ్చాడు?"

"కారులో బెల్టు పెట్టుకోకపోతే కుయ్ కుయ్ మంటుందట. పెట్టుకుంటే ఆగుతుందట. అందుకని పెట్టుకోవడం అలవాటవుతుందట."

"మనకి కారెక్కడుంది? నా బుర్రకి ఎక్కదది."

టైలరమ్మ ఆ వాక్యం మళ్లీ చదివింది, ఈసారి లోపల. సూది కోటు మీదే ఆగిపోయింది. ఇంకోసారి చదివింది. బాధ తొలగిపోవడం. తొలగించిన పని బలపడటం. ఎవరో వరండాలోంచి తన వెనకే ఇంట్లోకి వచ్చి, తను తలుపుకి ఆనుకుని నిలబడటం చూసి రాసినట్టుంది.

"ఇలా చూడు," అంది మెల్లగా. "ఒక మనిషికి లిఫ్టంటే భయమనుకో. లిఫ్టు ముందుకెళ్తే గుండె దడదడ కొట్టుకుంటుంది, చెమటలు పడతాయి. అది బాధ. కళ్లద్దాలు మరిచిపోయానని వంక పెట్టి వెనక్కి వచ్చేసింది. రాగానే దడ పోయింది. హాయిగా ఉంది. అప్పుడేమవుతుంది?"

"ఏమవుతుంది?"

"మర్నాడు ఇంకా తొందరగా వెనక్కొస్తుంది. వెనక్కి రావడం బలపడింది కదా. ఆ హాయి లేదూ, అదే మేపుతుంది దాన్ని. కొట్టినా తిట్టినా ఇలా పెరగదు."

"అబ్బ! ఇప్పుడర్థమైందత్తయ్యా!" కోడలు చప్పట్లు కొట్టినంత పని చేసింది. "తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరటే భయానికి తిండి. ఇదే రాస్తాను. ఎంత బాగా చెప్పారు, ఎక్కడ..."

అత్తగారి మెడలో కళ్లద్దాల తాడు వంక చూసింది. మూలనున్న చేతిసంచీ వంక చూసింది.

"కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయిన రోజు నుంచా అత్తయ్యా?"

"ఊఁ."

"ఆ రోజు మీరు నవ్వుతూ చెప్పారు. కాసేపు చీకట్లో నిలబడ్డానని."

"చెప్పడం నవ్వుతూనే చెప్పాను. లోపల మాత్రం అరిచాను. గోడలు బాదాను. చిన్నపిల్లలా ఏడ్చాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. బయటికి రాగానే మొహం తుడుచుకున్నాను." కోటు మీద లేని నలక దులిపింది. "ఈ వయసులో లిఫ్టంటే భయమని ఎవరితో చెప్పుకోను? మోకాళ్లైతే గౌరవంగా ఉంటుంది."

కోడలు జాలి పడలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. అలా చేసి ఉంటే టైలరమ్మ మళ్లీ నోరు విప్పేది కాదు. ఆమె చేయి చాచి పుస్తకంలో పేజీలు తిప్పింది.

"ఈ ఒక్క అధ్యాయం చదివి ఆపేస్తే ఎలా? తర్వాతది కూడా ఉంది. పోగొట్టుకునే పద్ధతి."

"మీ ఆయనకి చెప్పకు."

"చెప్పను. పైగా నాకు ప్రాక్టికల్స్ అవుతాయి."

పద్ధతి వినడానికి సులువుగానే ఉంది. భయపెట్టే పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకోవాలి. అన్నిటికంటే తేలికైన ముక్కతో మొదలుపెట్టాలి. దడ వచ్చినప్పుడు పారిపోకూడదు, అదే తగ్గేదాకా అక్కడే ఉండాలి. తగ్గాక ఇంకో ముక్క. టైలరమ్మకి ఇది తెలిసిన పనిలాగే తోచింది. కోటు కుట్టమంటే బిత్తరపోయే వాళ్లు కూడా ఒక జేబు కుట్టమంటే కుడతారు.

మర్నాడు కోడలు బడి నుంచి రాగానే ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. మొదటి ముక్క, తలుపు తెరిచి ఉండగా లోపల నిలబడటం. కోడలు ఒక కాలు గడప మీద అడ్డం పెట్టి కూర్చుంది. లిఫ్టు ఊరుకుంటుందా, తలుపు వేయనివ్వమని గీ గీ మని మొర మొదలెట్టింది. టైలరమ్మ అద్దం వైపు చూడకుండా ఎదురుగోడ మీద పెచ్చులూడిన సున్నాన్నే చూస్తూ నిలబడింది. కాళ్లలో వణుకు.

"కొత్త బ్యాటరీ వేశారత్తయ్యా. కరెంటు పోయినా దగ్గర్లో ఉన్న అంతస్తుకి దానంతటదే వెళ్లి ఆగుతుందట."

"తెలుసు. బుర్రకి తెలుసు. కాళ్లకే తెలీదు."

కిందనుంచి ఆరో అంతస్తావిడ కేక వినిపించింది. "ఎవరండీ లిఫ్టు పట్టుకున్నది? సామాన్లతో నిలబడ్డాను ఇక్కడ!"

"పరీక్షకి చదువుకుంటున్నామండీ!" అని కోడలు కేకేసింది.

టైలరమ్మకి నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ చూసుకుంటే కాళ్లు ఎప్పుడో నిలకడగా ఉన్నాయి.

ఆ మర్నాడు తలుపు వేసుకుని ఒక అంతస్తు దిగారు. కోడలి మణికట్టు మీద అత్తగారి గోళ్లు దిగబడ్డాయి. దిగగానే బయటికి దూకబోయింది. కోడలు ఆపింది. "తగ్గేదాకా ఇక్కడే." తగ్గింది. మళ్లీ ఎక్కారు, మళ్లీ దిగారు. మూడో అంతస్తు దాటేటప్పుడు కళ్లు మూసుకుంటానంది. మొదటిసారికి మూసుకోనిచ్చింది, రెండోసారి తెరవమంది. బడిలో మూడేళ్ల పిల్లలతో వేగే మనిషి, అంత తేలిగ్గా వదలదు. ఆఖరికి కిందిదాకా వెళ్లి కొట్టు షట్టర్ని ఒకసారి చేత్తో తాకి వచ్చారు. షట్టర్ మీద దుమ్ము వేళ్లకి అంటింది. ఆ రాత్రి భోజనం దగ్గర టైలరమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

తెల్లారి తనంతట తనే వెళ్లి బటన్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. అంతే, గుండె గొంతులోకి వచ్చింది. నిన్నటి సాధనంతా ఎక్కడికి పోయిందో, మొదటి రోజుకంటే అధ్వానం. ఈసారి వంకైనా పెట్టకుండానే ఇంట్లోకి వచ్చేసింది. హాయిగా మాత్రం లేదు. బడికి బయల్దేరుతున్న కోడలితో, "నా వల్ల కాదమ్మా. వదిలెయ్. ఆ కళ్లజోళ్లాయన్నే పెట్టుకోనీ," అంది.

కోడలు చెప్పులు విడిచి లోపలికి వచ్చి పుస్తకం తీసింది. గుర్తు పెట్టిన పేజీ తిప్పి చదివింది. "తగ్గిపోయిన భయము కొంత విరామము తరువాత మరల తలెత్తవచ్చును. ఇది సహజము. సాధన కొనసాగించినచో ప్రతిసారీ మునుపటికంటే బలహీనముగా వచ్చును."

"అలా ఉందా? ఏదీ చూపించు."

చూపించింది. టైలరమ్మ ఆ వాక్యం మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం చదువుకుంది.

"పుస్తకంలో ఉందంటే, ఇలా జరిగిన వాళ్లు చాలామంది ఉండాలి."

"లేకపోతే ఎందుకు రాస్తారత్తయ్యా?"

ఆ మాట ఆవిడకి మందులా పనిచేసింది. తనొక్కతే పిరికిది కాదు. తనలాంటి వాళ్లు ఒక పేరా నిండా ఉన్నారు. సాయంత్రం ఇద్దరూ మళ్లీ ఎక్కారు. చీకటి పడేదాకా దిగుతూ ఎక్కుతూనే ఉన్నారు. ఆఖరి విడతలో టైలరమ్మ కోడలి చెయ్యి వదిలేసి, అద్దంలో చూసుకుంటూ జుట్టు సర్దుకుంది. ఒక్కతే మాత్రం ఇంకా ఎక్కలేదు. అది మిగిలింది.

శనివారం కోడలు పొద్దున్నే బడికి వెళ్లింది. కళ్లజోళ్ల షాపాయన కింద ఉన్నానని ఫోన్ చేశాడు. కొడుకు తాళాలు తీసుకున్నాడు.

"నువ్వుండమ్మా. నేను చూపించి వస్తాను."

"నేనూ వస్తాను," అంటూ టైలరమ్మ సంచీ తగిలించుకుంది. సుద్ద, కత్తెర, టేపు, కండక్టరు ప్యాంటు అందులో ఉన్నాయి.

"మోకాళ్లతో ఎలా? సరే పద, నేను పట్టుకుంటాను. మెల్లగా మెట్లు దిగుదాం."

"మెట్లెందుకు? లిఫ్టుందిగా."

"లిఫ్టొద్దు."

అతను అన్న తీరుకి ఆవిడ ఆగింది. కొడుకు మొహంలోకి చూసింది. పెదాలు పాలిపోయాయి. ఆ మొహం ఆవిడకి బాగా తెలుసు. ఇన్నాళ్లుగా లిఫ్టు అద్దంలో రోజూ చూస్తున్నదే.

"నువ్వూ ఈమధ్య మెట్లమీదే కదూ తిరుగుతున్నావు? ఒళ్లు తగ్గించుకోవడానికన్నావు."

"అదేం లేదులే."

"ఏమైంది నాన్నా?"

అతను వరండా గోడకి చేరబడ్డాడు.

"ఆ రోజు నేను ఆఫీసు నుంచి వస్తున్నాను. కరెంటు లేదని మెట్లెక్కుతున్నాను. మూడో అంతస్తు దగ్గర నీ గొంతు వినపడింది. తలుపు బాదాను, 'అమ్మా, నేనున్నా' అని అరిచాను. నీ అరుపుల్లో నీకు వినపడలేదు. వాచ్‌మన్ కోసం కిందికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి కరెంటొచ్చింది, లిఫ్టు పైకెళ్లిపోయింది. ఇంట్లోకొస్తే నువ్వు నవ్వుతూ చెబుతున్నావు, కాసేపు ఆగిందని. ఇంకేమనను? నీ ఏడుపు నేనెప్పుడూ వినలేదమ్మా. నాన్న పోయినప్పుడు కూడా వినలేదు." తాళాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు కిందికెళ్లడం లేదంటేనే నాకు పని మీద ధ్యాస నిలుస్తోంది. వెళ్తానన్నావంటే చాలు, ఒళ్లంతా చెమటలు. అందుకే ఆ కొట్టు గొడవే లేకుండా చేద్దామనుకున్నా."

టైలరమ్మకి కోపం రాలేదు. నాలుగైదు రోజులుగా కొడుకు మీద లోపల్లోపల కాస్త కినుకగా ఉన్నది కూడా ఎటో పోయింది. తను ఇంట్లో ఉండిపోతే ఇద్దరికీ హాయిగా ఉంటుంది. తల్లీకొడుకులిద్దరూ ఒకే హాయిని మేపుకుంటూ కూర్చున్నారు, ఒకరికి తెలియకుండా ఒకరు.

"నేనూ నీలాగే భయపడ్డానురా. మోకాళ్లు కాదు," అంది. "నీ పెళ్లాం నాతో ప్రాక్టికల్స్ చేయించింది. నిన్నటిదాకా తను పక్కనుంది. ఇవాళ ఒక్కదాన్నే వెళ్లాలి. నువ్వు రాకు."

"అమ్మా..."

"ఇక్కడే నిలబడి ఆ అంకెలు చూస్తూ ఉండు. దడగా ఉంటుంది. ఉండనీ. అదే తగ్గుతుంది."

బటన్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ లోపలికి నడిచి ఇటు తిరిగి నిలబడింది. మూసుకుంటున్న రేకుల మధ్య కొడుకు మొహం సన్నబడి, గీతయి, పోయింది.

లిఫ్టు కదిలింది. గుండె ఒకసారి గట్టిగా తన్నింది. రాబోతోందని తెలిసిన చుట్టంలా భయం వచ్చింది, చుట్టూ చూసింది, కూర్చోవడానికి పెద్దగా చోటు దొరకలేదు. ఎందుకంటే ఆవిడ ఆలోచనంతా పైనే ఉంది. వాడు నిలబడ్డాడో లేదో. మూడో అంతస్తు ఎప్పుడు దాటిందో ఆవిడ గమనించనేలేదు.

కింద కళ్లజోళ్లాయన షట్టర్ ముందు అటూ ఇటూ అడుగులేస్తున్నాడు.

"నమస్కారమమ్మా. మా అరలు ఇక్కడ సరిపోతాయేమో చూద్దామని..."

"మీకు శ్రమిచ్చాం బాబూ. కొట్టు ఇవ్వడం లేదు. ఇవాళ్టి నుంచి తెరుస్తున్నాను."

ఆయన చేతిలో టేపు చుట్టేశాడు. తర్వాత, "పోనీలెండి. మా షాపుకి తెరలు కుట్టాలి, మీరు కుడతారా?" అన్నాడు. కిటికీ ఎత్తు, వెడల్పు చూసుకుని రమ్మని ఆవిడ పంపేసింది.

అంతలో మెట్ల మీద దబదబమని చప్పుడు. కొడుకు చివరి మెట్టు మీంచి దాదాపు దూకినంత పని చేసి, రొప్పుతూ వచ్చి షట్టర్ పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది. తల్లిని ఎగాదిగా చూశాడు.

"అంకెలు చూడమంటే ఐదంతస్తులూ పరిగెత్తుకొచ్చావా?"

"మూడు దాకా చూశానమ్మా. తర్వాత నా వల్ల కాలేదు."

"మూడు దాకా చూశావుగా. మొదటి రోజుకి అది చాలు. రేపు రెండు దాకా చూడు," అంది టైలరమ్మ. "తాళం తియ్యి. బరువు నేనెత్తలేను."

అతను తాళం తీసి షట్టర్ పైకి తోశాడు. లోపల వాసన మూసిపెట్టిన ఉన్ని గుడ్డదీ, మిషను నూనెదీ. ఆవిడ బల్ల మీద దుమ్ము తుడిచి, ఖాకీ ప్యాంటు తిరగేసి పరిచింది. బల్ల సరిగ్గా నడుము దగ్గరికి వచ్చింది. మిషను చక్రం తిప్పితే మొరాయించింది. రెండు బొట్లు నూనె వేసి ముందుకీ వెనక్కీ ఆడించాక దారికొచ్చింది. తొలి కుట్టుకే దారం తెగింది. నాలిక మీద తడిచేసి మళ్లీ ఎక్కించింది. ఈసారి ఒక్కసారికే ఎక్కింది.

కొడుకు గిరాకీలకి వేసిన స్టూలు మీద కూర్చుని అదంతా చూస్తున్నాడు. రొప్పు తగ్గింది. మొహంలోకి రంగు వచ్చింది. మిషను చప్పుడు ఒక ఊపు అందుకున్నాక లేచాడు.

"ఆఫీసుకి టైమైంది. పైకెళ్లి బ్యాగ్ తెచ్చుకుంటాను."

"వెళ్లిరా నాన్నా."

అతను గుమ్మం దాటాడు. మెట్ల వైపు వెళ్లాడో, లిఫ్టు వైపు వెళ్లాడో టైలరమ్మ తల తిప్పి చూడలేదు. నడుంపట్టీ పాత కుట్టు విప్పుకుంటూ, వేలెడు గుడ్డలో సగం వదిలి, మిగతా సగం లోపలే ఉంచి కుట్టసాగింది.